పళ్ళు చూసి ఆవు వయసు పట్టడం: సంతకు పోయే ముందు తెలుసుకోవాల్సినవి

ఆవును కొనేటప్పుడు అమ్మేవాళ్ళు చెప్పే మాటల్లో పాలలెక్క తర్వాత ఎక్కువగా అటూ ఇటూ అయ్యేది వయసే. పాలంటే రెండు పూటలు దగ్గరుండి పిండించి చూసుకోవచ్చు. వయసుకు మాత్రం కాగితం ఉండదు. చెవికి పసుప్పచ్చ బిళ్ళ వేసి 12 అంకెల నంబరు ఇచ్చినా, ఆన్‌లైన్‌లో ఆ నంబరు కింద ఉండే వయసు చాలాసార్లు యజమాని నోటిమాటే. అందుకే పలమనేరు, పుంగనూరు వైపు సంతల్లో బేరానికి ముందు పశువు నోరు చూస్తారు. చూసేవాళ్ళు చాలామందే, ఏం చూడాలో తెలిసి చూసేవాళ్ళు తక్కువ. కింద ఎనిమిది పళ్ళు కనబడగానే నిండు పళ్ళు, మంచి వయసు అనుకుని డబ్బు తీస్తారు. ఎనిమిది పళ్ళు ఐదేళ్ళ ఆవుకూ ఉంటాయి, పదకొండేళ్ళ ఆవుకూ ఉంటాయి. ఆ మాటకొస్తే ఆరు నెలల దూడకూ ఉంటాయి.

పళ్ళు చెప్పే వయసులో రెండు దశలున్నాయి. ఐదేళ్ళ లోపు పశువుకు పాలపళ్ళు ఊడి పెద్ద పళ్ళు వచ్చే వరస చూసి చెప్తాం. ఇందులో ఆరు నెలలకు మించి తేడా రావడం అరుదు. ఐదేళ్ళు దాటాక కొత్తగా వచ్చే పన్నేదీ లేదు, ఉన్నవి అరగడమే. అరుగుదల వయసుతో పాటు తిన్న మేతనూ, తాగిన నీటినీ బట్టి ఉంటుంది. అక్కడ ఏడాది, ఒక్కోసారి రెండేళ్ళు అటూ ఇటూ అవుతుంది. కాబట్టి ఐదు దాటిన ఆవుకు ఎవరైనా ఖచ్చితంగా ఒకే అంకె చెప్పి ఒట్టు వేస్తే ఆ ఒట్టును బేరంలో లెక్కపెట్టుకోవద్దు.

నోట్లో ఏముంటుంది

ఆవుకు ముందు పళ్ళు కింది దవడకే ఉంటాయి, ఎనిమిది. పై దవడ ముందు భాగంలో పళ్ళుండవు, గట్టి చిగుళ్ళ దిండు ఉంటుంది. కొత్తగా పశువులు పెట్టుకున్నవాళ్ళు ఇది చూసి "పైపళ్ళన్నీ రాలిపోయాయి, ముసలిది" అని కంగారు పడడం మామూలే. ముందు పళ్ళ వెనక ఖాళీ చిగురు, ఆ వెనక రెండు దవడల్లోనూ నమలడానికి దవడ పళ్ళు. పెద్ద పశువుకు దవడ పళ్ళు ఒక్కో వైపు కింద ఆరు, పైన ఆరు చొప్పున మొత్తం 24. ముందువి 8. కలిపితే 32. దూడకు పాలపళ్ళు 20.

వయసుకు చూసేవి ముందు ఎనిమిదే. వీటిని జతలుగా లెక్కపెడతారు: నడిమి జత, దాని పక్కన రెండో జత, ఆ పక్క మూడో జత, చివరగా కడపళ్ళ జత. "రెండు పళ్ళు వేసింది" అంటే నడిమి జత పాలపళ్ళు ఊడి పెద్ద పళ్ళు వచ్చాయని. "నాలుగు పళ్ళది", "ఆరు పళ్ళది" అనేవి కూడా అంతే. బండలాగుడు పోటీల్లో ఎద్దులను పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళ విభాగం అని విడదీసేది కూడా ఈ లెక్కతోనే. ఎద్దు పుట్టిన తేదీ ఎవరూ అడగరు, నోరు చూసి విభాగం తేలుస్తారు.

పాలపన్నుకూ పెద్ద పన్నుకూ తేడా తెలియకపోతే మిగతాదంతా వృథా. పాలపన్ను తెల్లగా, సన్నగా, నున్నగా, వెడల్పు చిటికెన వేలి గోరంత ఉంటుంది. పెద్ద పన్ను దాదాపు రెండింతల వెడల్పు, కొంచెం పసుపు కలిసిన తెలుపు, కొత్తగా వచ్చినప్పుడు లోపలి వైపు (నాలుక వైపు) నిలువు గీతలు తేలి ఉంటాయి. ఈ గీతలను గుర్తుంచుకోండి, తర్వాత అరుగుదల చూసేటప్పుడు ఇవే ముఖ్యం.

పట్టుకునే తీరు

నోరు చూడడానికి పొద్దున మేత వేయకముందు మంచిది. నెమరు వేస్తున్నప్పుడు నోటినిండా మేత ఉంటుంది, పళ్ళ మొదళ్ళు కనబడవు. ఒక తడిగుడ్డ, ఫోన్ టార్చి, తాడు పట్టుకోవడానికి ఇంకో మనిషి ఉంటే చాలు.

ముందు ఆవును నాలుగడుగుల దూరం నుంచి చూడండి. నోటినుంచి చొంగ తీగలుగా కారుతున్నా, మింగలేక గొంతు లాగుతున్నా, గొంతు మారి అదేపనిగా అరుస్తున్నా నోట్లో చెయ్యి పెట్టొద్దు. కుక్క కరిచిన ఆవుకు రేబిస్ వచ్చినప్పుడు ఇవే లక్షణాలు కనబడతాయి. "గొంతులో ఏదో అడ్డం పడింది" అనుకుని చెయ్యి పెట్టి తిప్పలు తెచ్చుకునేది ఇక్కడే. చొంగతో పాటు కుంటుతుంటే గాలికుంటు అయ్యుండొచ్చు. అది మనిషికి ప్రమాదం కాదు గానీ, మీ చేతులు, గుడ్డ వెంట పక్క పశువుకూ మీ ఇంటి కొట్టానికీ చేరుతుంది. సంతలో నాలుగైదు పశువుల నోళ్ళు చూడాల్సి వస్తే మధ్యమధ్య చేతులు సబ్బుతో కడుక్కోండి. ఇంటికొచ్చాక చెప్పులు, తాడు లీటరు నీళ్ళకు 40 గ్రాముల బట్టల సోడా కలిపిన నీళ్ళతో కడిగితే గాలికుంటు వైరస్ చస్తుంది.

తాడును గుంజకు మూరెడు వదిలి కురచగా కట్టండి. ఆవుకు కుడివైపు, మెడ పక్కన, అది చూసే వైపే మీరూ తిరిగి నిలబడండి. మీ ఎడమ తుంటి దాని మెడకు ఆనుకుని ఉండాలి. దగ్గరగా ఉంటేనే క్షేమం. అడుగు దూరంలో నిలబడితే తల విదిలించినప్పుడు కొమ్ము సరిగ్గా పొట్ట దగ్గరికి వస్తుంది. ఎదురుగా నిలబడడం అంతకంటే పనికిరాదు. ఎడమ చెయ్యి ముఖం మీదుగా చుట్టి వేసి, బొటనవేలు, చూపుడు వేలు రెండు ముక్కు రంధ్రాల్లో పెట్టి మధ్య గోడను పట్టుకుని తలను కొంచెం పైకెత్తండి. కుడి చేత్తో కింది పెదవిని బాగా కిందికి లాగండి. ముందు పళ్ళు చూడడానికి ఇంతే చాలు, నోరు తెరవాల్సిన పనే లేదు. ముక్కుతాడు ఉన్నదాన్ని తాడు పట్టుకుని మెల్లగా ఎత్తితే సరిపోతుంది. గుంజితే ముక్కు చీరుకుంటుంది.

పళ్ళ లోపలి వైపు చూడాలంటే నోరు కొంచెం తెరవాలి. పెదవుల మూల నుంచి, ముందు పళ్ళకూ దవడ పళ్ళకూ మధ్య ఉన్న ఖాళీలో బొటనవేలు పెట్టి అంగిలిని నొక్కితే తనే నోరు తెరుస్తుంది. వేళ్ళు ఆ ఖాళీ దాటి లోపలికి పోకూడదు. ముందు పళ్ళతో ఆవు కరవలేదు కానీ దవడ పళ్ళ మధ్య పడిన వేలు నలిగిపోతుంది. ఆ పళ్ళ అంచులు పదునుగా ఉంటాయి. ఒకసారి చూడడానికి పది పదిహేను సెకన్లు చాలు. తడిగుడ్డతో పళ్ళు తుడిచి, పక్క మనిషి చేత ఫోన్‌లో ముందు నుంచి ఒక ఫొటో, పై నుంచి అంచులు కనబడేలా ఒక ఫొటో తీయించండి. పశువు పెనుగులాడుతుంటే కంటితో లెక్కపెట్టేకంటే ఫొటోలో నిదానంగా చూడడం మేలు.

పన్ను పట్టుకుంటే కొంచెం కదులుతుంది. అది ముసలితనం కాదు. ఆవు ముందు పళ్ళు గుంటలో గట్టిగా బిగుసుకుని ఉండవు, పైనున్న చిగుళ్ళ దిండుకు దెబ్బ తగలకుండా కాస్త ఆడుతూ ఉంటాయి. "పన్ను ఊగుతోంది" అని ధర తగ్గించమనే బేరగాడికి ఈ సంగతి తెలియదు, లేదా బాగా తెలుసు.

ఐదేళ్ళ లోపు: వచ్చిన పళ్ళను లెక్కపెట్టడం

దూడ పుట్టేసరికే ఒకటి రెండు జతలు కనబడుతుంటాయి, నెల నిండేసరికి ఎనిమిది పాలపళ్ళూ వచ్చేస్తాయి. అక్కడి నుంచి ఏడాదిన్నర దాకా ముందు పళ్ళలో కొత్తగా వచ్చేదేమీ లేదు, పాలపళ్ళే అరుగుతూ ఉంటాయి. ఆ తర్వాత మార్పు మొదలవుతుంది. జాతిని బట్టి కాలం మారుతుంది. జెర్సీ, హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరం త్వరగా, నాటు ఆవు ఆలస్యంగా, ఎనుము (గేదె) ఇంకా ఆలస్యంగా పళ్ళు మారుస్తాయి.

నడిమి జత (రెండు పళ్ళు): సంకరజాతికి ఏడాదిన్నర నుంచి 2 ఏళ్ళు, నాటుకు 2 నుంచి రెండున్నర, ఎనుముకు రెండున్నర నుంచి 3.
రెండో జత (నాలుగు పళ్ళు): సంకరానికి 2 నుంచి రెండున్నర, నాటుకు 3 దగ్గర, ఎనుముకు మూడున్నర దగ్గర.
మూడో జత (ఆరు పళ్ళు): సంకరానికి 3 దగ్గర, నాటుకు మూడున్నర నుంచి 4, ఎనుముకు నాలుగున్నర దగ్గర.
కడపళ్ళు (ఎనిమిది): సంకరానికి మూడున్నర నుంచి 4, నాటుకు నాలుగున్నర నుంచి 5, ఎనుముకు 5 నుంచి 6.

ఈ అంకెలు పన్ను చిగురు చీల్చుకుని బయటపడే వయసులు. బయటపడ్డ పన్ను మొదట ఏటవాలుగా, కొంచెం మెలి తిరిగి వచ్చి, పక్కదాని ఎత్తుకు చేరడానికి కొన్ని నెలలు పడుతుంది. కాబట్టి జతలో ఎత్తు కూడా చూడాలి. రెండో జత సగం ఎత్తే ఉంటే ఇప్పుడిప్పుడే నాలుగు పళ్ళు వేస్తోందని, నాలుగూ ఒకే ఎత్తులో ఉండి పక్కన మూడో జత పాలపళ్ళు ఊగుతుంటే ఆరు పళ్ళకు దగ్గర పడిందని అర్థం. జతలో ఒక పన్ను ముందు, రెండోది కొన్ని వారాల తర్వాత రావడం మామూలే.

నాలుగు పళ్ళ పెయ్యను ముందు నుంచి చూస్తే మధ్యలో నాలుగు వెడల్పాటి పళ్ళు, అటూ ఇటూ రెండేసి చిన్నవి కనబడతాయి. ఆ చిన్నవాటిని అరిగిపోయిన పళ్ళు అనుకునేవాళ్ళున్నారు. ముసలి ఆవులో ముందు అరిగేది నడిమి జతే, కడపళ్ళు చివర్లో అరుగుతాయి. కాబట్టి మధ్యవి పెద్దవిగా, అంచువి చిన్నవిగా ఉంటే అది వయసులో ఉన్నదే.

ఇంకో తికమక ఏడాదిన్నర పెయ్యల దగ్గర వస్తుంది. పాలపళ్ళు అప్పటికి బాగా అరిగి, మధ్యలో సందులు పడి, పన్నెండేళ్ళ ఆవు నోటిలాగే అనిపిస్తాయి. పన్ను వెడల్పు చూస్తే తేలిపోతుంది. అప్పటికీ అనుమానమైతే దవడ పళ్ళు లెక్కపెట్టించాలి. వెనక మొదటి పెద్ద దవడ పన్ను ఆరో నెల దగ్గర, రెండోది ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య, మూడోది రెండేళ్ళు దాటాక వస్తాయి. అయితే ఆ పని నోరు తెరిచి పట్టే సాధనంతో డాక్టరు చేయాల్సిందే, సంతలో చేసేది కాదు.

ఐదేళ్ళ తర్వాత: అరుగుదలను చదవడం

నైపుణ్యం అవసరమయ్యేది ఇక్కడ. కొత్త పన్ను అంచు ఉలి అంచులా సన్నగా, వంపుగా ఉంటుంది. నములుతున్నకొద్దీ ఆ అంచు మొండిగా మారి, అరుగుదల లోపలి వైపుకు పాకుతుంది. లోపలి గీతలు ఒక్కొక్కటే చెరిగిపోతాయి. గీతలన్నీ పోయి పన్ను పైభాగం బల్లపరుపుగా అయితే ఆ పన్ను "సమం అయింది" అంటాం. సమం అయిన పన్ను మధ్యలో గోధుమరంగు మచ్చ తేలుతుంది. మొదట అడ్డగీతలా ఉండి, ఏళ్ళు గడిచేకొద్దీ గుండ్రంగా తిరుగుతుంది.

సమం కావడం కూడా వచ్చిన వరసలోనే జరుగుతుంది. నడిమి జత ఆరో ఏట, రెండో జత ఏడో ఏట, మూడో జత ఎనిమిదో ఏట, కడపళ్ళు తొమ్మిదో ఏట సుమారుగా సమం అవుతాయి. ఆలస్యంగా పళ్ళు వేసే నాటు ఆవుకు దీనికి ఒక ఏడాది కలుపుకోండి. పది దాటాక సమం చూడడం కాదు, పళ్ళ మొదళ్ళు చూడాలి. చిగురు కిందికి దిగి పన్ను మెడ బయటపడుతుంది, పళ్ళ మధ్య సందులు పెరుగుతాయి, పైభాగం వెడల్పు తగ్గి మూడు మూలలుగా అవుతుంది. పన్నెండు దాటాక విడివిడిగా నిలిచిన పొట్టి మొద్దులే మిగులుతాయి. పదిహేను దగ్గర కొన్ని రాలిపోయి, మిగిలినవి గుండ్రటి మేకుల్లా ఉంటాయి.

ఒక ఉదాహరణ పట్టుకుని చూద్దాం. హెచ్‌ఎఫ్ సంకరం ఆవు. అమ్మే మనిషి "నాలుగేళ్ళు, రెండో ఈత" అంటున్నాడు. పెదవి లాగితే ఎనిమిదీ పెద్ద పళ్ళే. నడిమి జత పైభాగం చదునుగా ఉంది, మధ్యలో గోధుమరంగు గీత. రెండో జత సగానికి పైగా చదును, లోపలి గీతలు కింద కొంచెమే మిగిలాయి. మూడో జత అంచు మొండిబారింది, గీతలు అలాగే ఉన్నాయి. కడపళ్ళ అంచు మాత్రం వేలికి ఇంకా పదునుగా తగులుతోంది. ఇది ఆరు నుంచి ఏడేళ్ళ నోరు. నాలుగేళ్ళ సంకరానికి కడపళ్ళు అప్పుడే వచ్చి ఉండాలి, నడిమి జత చదును కాకూడదు.

ఇప్పుడు ఈతల లెక్క వేయండి. సంకరజాతి పెయ్య బాగా మేపితే రెండున్నర నుంచి మూడేళ్ళకు మొదటిసారి ఈనుతుంది. ఈతకూ ఈతకూ పద్నాలుగు నెలలు వేసుకుంటే 36, 50, 64, 78 నెలలకు నాలుగు ఈతలు. అంటే ఆరున్నరేళ్ళ ఆవు నాలుగో ఈతలో ఉండాలి. ఇతను చెప్పేది రెండు. అబద్ధం ఎక్కడో ఒకచోట ఉంది: ఈతలు దాచి ఉండాలి, లేదా ఆ ఆవు నిజంగానే రెండే ఈని ఉండాలి. రెండోది నిజమైతే మరీ ప్రమాదం, ఎందుకంటే అది ఎదకు సరిగా రానిదో, ఇంజక్షన్లు వేసినా చూలు నిలవనిదో కావచ్చు. మూడో ఈత నుంచి ఐదో ఈత వరకూ ఆవు ఎక్కువ పాలిచ్చే కాలం కాబట్టి, నాలుగో ఈత ఆవని నిజం చెప్పి అమ్మితే దాన్ని తప్పుపట్టాల్సిందేమీ లేదు. రెండో ఈత అని చెప్పి అమ్మేదాన్నే అనుమానించాలి.

అరుగుదల ఎందుకు తప్పుతుంది

ఇసుక నేలల్లో, కురచ గడ్డి మీద మేసే పశువుకు మేతతో పాటు ఇసుక నోట్లోకి పోతుంది, పళ్ళు త్వరగా అరుగుతాయి. గుట్టల వెంబడి ఎండుగడ్డి, ముళ్ళకంప మేసేదీ అంతే. వరిగడ్డిలో సిలికా ఎక్కువ, దాని మీదే బతికే ఆవుకు అరుగుదల ముందుంటుంది. కొట్టంలో కట్టేసి ముక్కలు కోసిన పచ్చిమేత, దాణా పెట్టే ఆవుకు పళ్ళు నిదానంగా అరుగుతాయి. ఒకే ఏడు పుట్టిన రెండు ఆవుల్లో కొండ మేతది ఎనిమిదేళ్ళలా, డెయిరీది ఆరేళ్ళలా కనబడొచ్చు. కాబట్టి వయసు చెప్పే ముందు "ఏ ఊరిది, ఏం మేపుతారు" అని అడగాలి. అడిగితే సంతలో నవ్వుతారు. అయినా అడగండి.

ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు తాగి పెరిగిన పశువుల పళ్ళకు గోధుమరంగు మచ్చలు, చిన్న గుంటలు పడతాయి. జతలో రెండు పళ్ళకూ ఒకే చోట మచ్చ ఉంటే అది ఫ్లోరైడ్ పనే అయ్యే అవకాశం ఎక్కువ. ఇలాంటి పళ్ళు మెత్తగా ఉండి అడ్డదిడ్డంగా అరుగుతాయి. వాటి మీద అరుగుదల లెక్క వేయొద్దు, ఈతలనే నమ్మండి. మేత కషాయం పట్టి నల్లబడ్డ పన్ను వేరు, అది తడిగుడ్డతో గట్టిగా రుద్దితే కొంతైనా వదులుతుంది.

మనుషులు చేసే మోసాలూ ఉన్నాయి. అరిగి ఎగుడుదిగుడైన పళ్ళను ఆకురాయితో రాసి ఒకే ఎత్తుకు తెస్తారు. రాసిన పన్ను అంచు నేరుగా, మూలలు పదునుగా, పైన సన్నటి గీతలతో ఉంటుంది. నమిలి అరిగినది నున్నగా మెరుస్తుంది. ఇంకో పని, పాలపళ్ళు పీకేసి "పళ్ళు మారుస్తోంది" అనడం. పీకిన చోట చిగురు గాయంగా, లేదా ఖాళీగా మూసుకుపోయి ఉంటుంది. నిజంగా మారుస్తుంటే కొత్త పన్ను అంచు చిగుట్లో తెల్లగా కనబడాలి, లేదా వేలితో నొక్కితే గట్టిగా తగలాలి. దెబ్బ తగిలి ఒక పన్ను ఊడిపోయిన ఆవుకు ఏడే ఉంటాయి, మిగిలిన జతలను చూసి లెక్క కట్టుకోవాలి.

నోరు చూడనివ్వకుండా "దానమిచ్చిన ఆవుకు పళ్ళు ఎంచుతారా" అని నవ్వేసే అమ్మకందారులుంటారు. గోదానానికి ఆ మాట సరే. డబ్బు పోసి కొనేదానికి ఎంచాల్సిందే. చూడనివ్వకపోతే అక్కడితో వదిలేయండి.

కొమ్ములు చెప్పేది

నాటు ఆవు కొమ్ము మొదట్లో గాడిలా వలయాలు పడతాయి. చూలు, ఈత, ఎండాకాలం మేత కరువు వంటి కష్టకాలాల్లో కొమ్ము ఎదుగుదల కుంటుపడి వలయం ఏర్పడుతుంది. వలయాల సంఖ్యకు రెండు కలిపితే వయసు అని పాత లెక్క. పళ్ళకు సాక్ష్యంగా పనికొస్తుంది గానీ, ఒంటరిగా నమ్మకూడదు. పైగా చంద్రగిరి చుట్టుపక్కల సంక్రాంతి పశువుల పండగకు కొమ్ములు చెక్కి, నున్నగా చేసి రంగులు వేస్తారు. చెక్కిన కొమ్ముకు వలయాలుండవు. ఎద్దులకు ఈ లెక్క ఎటూ సరిపోదు. సంకరజాతికి చాలాచోట్ల దూడగా ఉన్నప్పుడే కొమ్ము మొగ్గ కాల్చేస్తారు కాబట్టి చూడడానికి కొమ్మే ఉండదు.

పుంగనూరు పొట్టి ఆవు విషయంలో

ఇది ఉమ్మడి చిత్తూరు జిల్లావాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. పెద్దదైన పుంగనూరు ఆవు ఎత్తు సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్లు. దానికి గిరాకీ పెరిగాక, మామూలు నాటు దూడను చూపించి "పెద్దదే, ఇంతే ఎత్తు, ఇక పెరగదు" అని అమ్మే వ్యాపారం కూడా పెరిగింది. ఒళ్ళు చూసి కనిపెట్టడం కష్టం. నోరు చూస్తే క్షణంలో తేలుతుంది. 85 సెంటీమీటర్ల ఎత్తున్న పశువుకు ఎనిమిదీ పాలపళ్ళే ఉంటే అది దూడ, ఇంకా రెండు మూడేళ్ళు పెరుగుతుంది. ఎంత ఎత్తుకు ఆగుతుందో అమ్మేవాడికీ తెలియదు. కనీసం నాలుగు, వీలైతే ఆరు పెద్ద పళ్ళు వచ్చిన దాని ఎత్తునే పొట్టి జాతి ఎత్తుగా లెక్కపెట్టండి. దూడనే కొనాలనుకుంటే తల్లిని చూపించమని, తల్లి నోరు కూడా చూపించమని అడగండి. ఈ జాతి అసలు రూపం ఎలా ఉంటుందో చూడాలంటే పలమనేరు పశు పరిశోధన స్థానంలో మందను కాపాడుతున్నారు.

గొర్రె, మేక, గుర్రం

గొర్రెకూ మేకకూ పద్ధతి ఇదే, కాలం తక్కువ. నడిమి జత ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య, రెండో జత రెండేళ్ళ దగ్గర, మూడోది రెండున్నర నుంచి మూడు, కడపళ్ళు మూడున్నర నుంచి నాలుగు. "రెండు పళ్ళ పొట్టేలు" అంటే ఏడాది దాటిందని ధైర్యంగా అనుకోవచ్చు. నాలుగేళ్ళు దాటాక పళ్ళు విచ్చుకుని, విరిగి, రాలడం మొదలవుతుంది. పళ్ళు విరిగిన గొర్రెను మేపుకు కొనకండి, గడ్డి కొరకలేదు.

గుర్రం లెక్క వేరు. దానికి ముందు పళ్ళు పైన ఆరు, కింద ఆరు ఉంటాయి, కాబట్టి కరుస్తుంది. తల కిందికి దించి, పెదవులు రెండు చేతులతో విడదీసి పక్క నుంచి చూడాలి. పెద్ద పళ్ళు రెండున్నర, మూడున్నర, నాలుగున్నర ఏళ్ళకు జతలుగా వచ్చి ఐదేళ్ళకు నోరు నిండుతుంది. ఆవు పన్నుకు లేని ఒక గుర్తు దీనికుంది: నమిలే పైభాగంలో నల్లటి గుంట. కింది దవడలో ఆ గుంట నడిమి జతకు ఆరేళ్ళకు, పక్క జతకు ఏడుకు, కడ జతకు ఎనిమిదికి చెరిగిపోతుంది. పూర్వం యూరప్ వ్యాపారులు ముసలి గుర్రం పళ్ళకు గుంటలు తొలిచి నల్లగా కాల్చి అమ్మేవారు. అసలు గుంట చుట్టూ తెల్లటి పింగాణీ వలయం ఉంటుంది, తొలిచిన దానికి ఉండదు.

పది దాటిన గుర్రానికి పై దవడ కడపన్ను బయటి వైపు చిగురు దగ్గర ఒక గాడి మొదలవుతుంది. పదిహేనుకు పన్ను సగం దాకా, ఇరవైకి కింది అంచు దాకా దిగుతుంది. ఆ తర్వాత పై నుంచి చెరిగిపోతూ వచ్చి, ముప్ఫై దగ్గర కనబడకుండా పోతుంది. కుడి, ఎడమ పళ్ళ గాళ్ళు ఒకేలా ఉండకపోవచ్చు, రెండూ చూసి మధ్యస్థంగా చెప్పాలి.

కొన్న ఆవుకు బీమా చేసేటప్పుడు వయసు ధ్రువీకరించేది పశువైద్యులు. మీరు చూసిన పళ్ళ లెక్క, ఫొటోలు వాళ్ళకు చూపించండి. రెండు అంచనాల మధ్య ఏడాదికి మించి తేడా వస్తే కారణం అడగండి. పెద్ద అనుమానమైతే తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్ళి దవడ పళ్ళు కూడా చూపించవచ్చు. ఇంట్లో పుట్టిన దూడలకైతే ఇదంతా అక్కర్లేదు, పుట్టిన తేదీ, తల్లి చెవిబిళ్ళ నంబరు కొట్టంలోనే ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి.